షీక్ ‘ఇట్స్ అబౌట్ టైమ్’: రివ్యూలు రాసినవాళ్లు విన్నారా, పేర్లు లెక్కపెట్టుకున్నారా?

సూదిమొన
షీక్ అంటే డెబ్బైల్లో డిస్కో, ఫంక్ పాటలతో ఊపేసిన అమెరికన్ బ్యాండ్. దాని గిటారిస్టు నైల్ రాడ్జర్స్ ఆ పేరు మీద 1992 తర్వాత మళ్లీ కొత్త ఆల్బమ్ తెచ్చింది 2018 సెప్టెంబర్‌లో. మధ్యలో 26 ఏళ్లు. దాని మీద అప్పట్లో వచ్చిన రివ్యూలు నిన్న రాత్రి కూర్చుని మళ్లీ చదివాను. ఒళ్లు మండింది. నాకు దొరికిన వాటిలో ముప్పావు వంతు పాత కథే. న్యూయార్క్ నైట్‌క్లబ్ స్టూడియో 54లోకి వీళ్లను రానివ్వలేదు, ఆ కోపంలో ఇంటికెళ్లి ‘లె ఫ్రీక్’ కట్టారు, తర్వాత బోవీ, మడోనా, డాఫ్ట్ పంక్‌లతో నైల్ చేసిన పాటలు... ఇవన్నీ అయ్యాక చివర్లో నాలుగు ముక్కలు: అతిథి గాయకులు ఎక్కువైపోయారు, పాత షీక్‌లా లేదు, మధ్యరకం మార్కులు, సెలవు. ‘టిల్ ది వరల్డ్ ఫాల్స్’లో గిటార్ ఎలా నడుస్తోందో ఒక్క వాక్యం రాస్తే ఏం పోయింది? ఈ ఆల్బమ్‌కి న్యాయం జరగలేదని నా గట్టి నమ్మకం. ఇక్కడ ఫంక్ వినేవాళ్లు ఉన్నారు కదా, మీరేమంటారు?

గోడమీదపిల్లి
రెండు వైపులా పాయింటుంది. చెప్పను కానీ ఉంది.

బేస్‌బాబాయ్
అతిథుల గోల పక్కన పెట్టు సూదిమొనా. అసలు లోటు షీక్ బేసిస్టు బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. వాళ్ల ‘గుడ్ టైమ్స్’ ఒకసారి బేస్ మాత్రమే పట్టుకుని విను. మొదట ఒకే స్వరం మీద మూడు దెబ్బలు, నింపాదిగా. ఆ తర్వాత చిన్న ఖాళీ. ఆ ఖాళీలో ఒళ్లు దానంతటదే ముందుకు వంగుతుంది, అప్పుడు పైకి పరుగు. ఆ ఖాళీ వదలడానికి గుండె ధైర్యం కావాలి. నేను రాజమండ్రిలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చాలా ఏళ్లుగా బేస్ వాయిస్తున్నాను, ఇప్పటికీ ఆ ఖాళీ దగ్గర వేలు ఆగదు, ఏదో ఒకటి నింపేస్తుంది. 2018 ఆల్బమ్‌లో నాకు ఖాళీలే వినిపించలేదు. అన్నీ నింపేశారు. రివ్యూలవాళ్లు ‘పాత షీక్‌లా లేదు’ అన్నది ఇదేనేమో, పాపం వాళ్లకి చెప్పడం చేతకాక అతిథుల మీద తోశారు.

చిరుతిండి_రాంబాబు
బాబాయ్ ఇంకా ఇళయరాజా పేరు ఎత్తలేదు, ఒంట్లో బాగానే ఉందా?

బేస్‌బాబాయ్
వస్తున్నా ఆగరా. రాజా గారి బేస్ వింటూ పెరిగిన చెవి మనది. పాడే గొంతుతో సంబంధం లేకుండా కింద బేస్ తన కథ తాను చెప్పుకుపోవడం మనకి కొత్త కాదు. అందుకే మనకి బెర్నార్డ్ త్వరగా ఎక్కుతాడు. చాలు, సంతోషమా?

ఎల్పీ_ఎల్లయ్య
అతిథులు ఎక్కువైండ్రు అన్న మాట నాకు అస్సలు సమజ్ కాదు. షీక్ ఎప్పుడు నలుగురు మనుషుల బ్యాండ్ ఉండె? 1977ల ఫస్ట్ రికార్డు అట్ట చూడుర్రి, నా దగ్గర ఉంది. అట్ట మీద ఇద్దరు మోడల్స్ ఉంటరు, బ్యాండు మనుషులు కాదు. కావాలనే అట్ల చేసిండ్రు. నైల్ చాలాసార్లు చెప్పిండు: లండన్‌ల రాక్సీ మ్యూజిక్‌ను చూసి ఆ సోకు, మొకాలకు రంగులు పూసుకునే కిస్ బ్యాండును చూసి మొకం కనబడకుండ ఉండే పద్ధతి, రెండు కలిపి షీక్ చేసినమని. మొదటి రికార్డుల నోర్మా జీన్ రైట్ పాడింది, ఆ తర్వాత ఆల్ఫా ఆండర్సన్, లూసీ మార్టిన్ వచ్చిండ్రు. ల్యూథర్ వాండ్రాస్ వెనక కోరస్‌ల పాడిండు. పాడేటోళ్లు మారుడు షీక్‌కు కొత్తదా? 2018 అట్ట కూడ 1977 ఫోటో లెక్కనే ఇద్దరు మోడల్స్‌తోని మళ్ల దింపిండ్రు. ఆయన చెప్పేది అట్ట మీదనే చెప్పిండు, చూసేటోడు ఉండాలె.

సూదిమొన
ఎల్లయ్యన్నా, ఇదే. ఇదొక్కటి ఏ రివ్యూలోనైనా రాసుంటే ఈ థ్రెడ్ పెట్టేవాణ్ణే కాదు.

రిథమ్_రాధిక
ఎల్లయ్యగారి వాదన వినడానికి బాగుంది కానీ సగమే నిజం. అప్పటి గాయనులు షీక్ కోసం తమ గొంతు మార్చుకున్నారు. అందరూ కలిసి ఒకే గొంతులా, కాస్త చల్లగా, ఎమోషన్ కనిపించనివ్వకుండా పాడేవాళ్లు. అదొక యూనిఫాం. 2018లో వచ్చినవాళ్లు తమ తమ బ్రాండ్ వేసుకుని వచ్చారు. క్రెయిగ్ డేవిడ్ వస్తే అది క్రెయిగ్ డేవిడ్ పాట అయిపోయింది. లంచ్‌మనీ లూయిస్ వస్తే అది ఆయన పాట. హెయిలీ స్టైన్‌ఫెల్డ్ పాట తీసుకెళ్లి ఆవిడ సొంత ఆల్బమ్‌లో పెట్టినా ఎవరికీ అనుమానం రాదు. ఇంటినిండా చుట్టాలు దిగితే ఇంటాయన వసారాలో పడుకున్నట్టుంది వ్యవహారం. మొహం కనపడకుండా ఉండటం వేరు, మన మొహం మీద ఇంకొకరి మొహం అతికించుకోవడం వేరు.

ఎల్పీ_ఎల్లయ్య
వసారాల పండుకున్నా గిటార్ ఆయనదే కదమ్మా. నైల్ చెయ్యి రెండు సెకన్లల తెలుస్తది.

రిథమ్_రాధిక
తెలుస్తుంది. దాన్ని మిక్స్‌లో ఎంత లోపలికి నెట్టారో కూడా తెలుస్తుంది. నేను సౌండ్ మీదే బతుకుతున్నాను కాబట్టి ఇంకోమాట. పాత రికార్డులు న్యూయార్క్ పవర్ స్టేషన్ స్టూడియోలో బాబ్ క్లియర్‌మౌంటెన్ ఇంజనీరింగ్‌లో చేసినవి. నైల్, బెర్నార్డ్, డ్రమ్మర్ టోనీ థాంప్సన్ ఒకే గదిలో కలిసి వాయిస్తే పుట్టిన రిథమ్ అది. టోనీ స్నేర్ డ్రమ్ మీద కొట్టే దెబ్బకి గది గోడలు వినిపిస్తాయి, హెడ్‌ఫోన్ పెట్టి ‘లె ఫ్రీక్’ వింటే తెలుస్తుంది. 2018 ఆల్బమ్‌లో గది లేదు. అంతా శుభ్రంగా, మెరుస్తూ, స్క్రీన్ మీద గళ్లలో సర్దినట్టు ఉంటుంది. చెడ్డ పని కాదు, ఖరీదైన పనే. కానీ ముగ్గురు మనుషులు ఒకరినొకరు చూసుకుంటూ వాయించిన పని కాదు.

కొత్తచెవులు
నేను నైల్ గిటార్ వాయించిన డాఫ్ట్ పంక్ పాట ‘గెట్ లక్కీ’ ద్వారా వచ్చిన బ్యాచ్. 2013లో ఇంజనీరింగ్ హాస్టల్‌లో ఆ పాట మోగని గది లేదు. ఎవరీ గిటార్ అని వెతుక్కుంటూ వెనక్కి వెళ్లి షీక్ పట్టుకున్నాను. నాకు ఈ ఆల్బమ్ నచ్చింది. ‘బూగీ ఆల్ నైట్’లో గాయని నావో గొంతు, ఆ గిటార్ కలిసి భలే కుదిరాయి. పాతదానితో పోల్చడానికి నా దగ్గర పాతది లేదు కదా. రివ్యూ రాసేవాళ్లందరూ 1978లో డాన్స్ ఫ్లోర్ మీద ఉన్నట్టే రాస్తారు.

చిరుతిండి_రాంబాబు
1978లో డాన్స్ ఫ్లోర్ మీద ఉన్నవాళ్లకి ఇప్పుడు మోకాళ్లు పట్టేసి ఆ కోపం ఆల్బమ్ మీద చూపిస్తున్నారు.

సూదిమొన
రాధికగారూ, మిక్స్ గురించి ఒప్పుకుంటాను. కానీ ఆ గదిలో ఉన్న ముగ్గురిలో ఇద్దరు లేరు కదా. బెర్నార్డ్ 1996లో, టోనీ 2003లో పోయారు. మిగిలిన ఒక్కడు ఎవరిని చూసుకుంటూ వాయించాలి?

రిథమ్_రాధిక
బేస్ జెర్రీ బార్న్స్, డ్రమ్స్ రాల్ఫ్ రోల్ ఉన్నారుగా! ఏళ్ల తరబడి స్టేజీ మీద ఆయన పక్కనే వాయిస్తున్న బ్యాండ్ అది. వాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి వారం రోజులు టేప్ తిప్పితే ఆల్బమ్ వచ్చేది. అది వదిలేసి ఫోన్ బుక్ తీశారు. నా గొడవ అదే.

డల్లాస్_దుర్గ
రాధికా, వందకి వంద. అమెరికాలో ఒక కచేరీకి వెళ్లాను, మా ఆయన్ని బలవంతంగా లాక్కెళ్లాను. గంటన్నర పాటు ఒక్కళ్లు కూర్చోలేదు. షీక్ పాటలతో పాటు నైల్ వేరేవాళ్లకి చేసినవి కూడా వాయిస్తారు: డయానా రాస్, సిస్టర్ స్లెడ్జ్, బోవీ ‘లెట్స్ డాన్స్’. ‘లెట్స్ డాన్స్’ డ్రమ్మర్ రాల్ఫ్ రోల్ పాడతాడు, ఏం గొంతండీ బాబూ. కిమ్బర్లీ డేవిస్ పాడుతుంటే నాకు ఆల్బమ్‌లో ‘ఐ వాంట్ యువర్ లవ్’ పాడిన లేడీ గాగా గుర్తే రాలేదు. ఆ స్టేజీ మీద ఉన్నవాళ్లతోనే ఆల్బమ్ ఎందుకు చేయలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రివ్యూలు రాసేవాళ్లు ఆ కచేరీలను ఆకాశానికి ఎత్తి ఆల్బమ్ దగ్గరికొచ్చేసరికి ముఖం చిట్లించడంలో ఆశ్చర్యమేముంది?

గోడమీదపిల్లి
మీ ఆయన చివరికి డాన్స్ చేశారా?

డల్లాస్_దుర్గ
పార్కింగ్ టెన్షన్ తప్ప ఇంకేం లేదు ఆయనకి. ‘గుడ్ టైమ్స్’ వచ్చేసరికి మాత్రం కాలు ఊపారు.

పాతబస్తీ_ఫంక్
లెక్క చూద్దాం. మొత్తం 10 ట్రాకులు. అందులో ‘ఐ వాంట్ యువర్ లవ్’ 1978 పాట, గాగాతో మళ్లీ చేసింది. అది కూడా 2015లోనే టామ్ ఫోర్డ్ ఫ్యాషన్ వీడియోలో వచ్చేసింది. ‘సోబర్’ రెండుసార్లు ఉంది, చివరిది టెడ్డీ రైలీ న్యూ జాక్ వెర్షన్. ‘స్టేట్ ఆఫ్ మైన్’ వాద్యగీతం. అవి తీసేస్తే మాటలున్న కొత్త పాటలు ఏడు. 26 ఏళ్ల నిరీక్షణకి ఏడు పాటలు! రివ్యూలవాళ్లు మధ్యరకం మార్కులు వేశారంటే దయతో వేశారనే అంటాను.

కొత్తచెవులు
‘స్టేట్ ఆఫ్ మైన్’ని తీసేస్తారేంటి, ఆల్బమ్‌లో ఊపిరి పీల్చుకునేది అక్కడే. ఫిలిప్ సెస్ కీబోర్డ్ వింటూ ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తే ఉంటుందీ...

బేస్‌బాబాయ్
కుర్రాడు కరెక్ట్. ఆ ఒక్క ట్రాకులో ఖాళీలు ఉన్నాయి. పాడే మనిషి లేడు కాబట్టి వాద్యాలకి చోటు దొరికింది. దీన్నిబట్టి జబ్బు ఎక్కడుందో తెలియట్లా?

ఎల్పీ_ఎల్లయ్య
పాతబస్తీ భాయ్, నిరీక్షణ 26 ఏళ్లు అని ఊకె అంటున్నరు గానీ ఆ మనిషి మీద ఏమేం పడ్డయో కూడ చూడుర్రి. 2010ల కేన్సర్ అని తెల్సింది. తేరుకున్నడు. 2015ల ‘ఐ విల్ బి దేర్’ సింగిల్ ఇడిసిండు, ఆ ఏడే ఆల్బమ్ వస్తదన్నరు. 2016 జనవరిల బోవీ పోయె, ఏప్రిల్‌ల ప్రిన్స్ పోయె. ఇద్దరు దగ్గరి మనుషులు. ఇగ పార్టీ పాటలు ఎట్ల ఇడుస్తడు? మొత్తం మళ్ల మొదలువెట్టిండు. 2017ల మళ్ల ఆపరేషన్. ఇంకొకడైతే గిటార్ గోడకు తగిలిచ్చి ఇంట్ల కూసుంటుండె.

పాతబస్తీ_ఫంక్
మనిషి మీద గౌరవం ఉంది అన్నా, దానికి నో డౌట్. కానీ రివ్యూ ఆరోగ్యానికి కాదు, పాటకి రాస్తారు. పైగా మీరు చెప్పిన ‘ఐ విల్ బి దేర్’, డీజేలు మార్టినెజ్ బ్రదర్స్‌తో చేసింది, అందరిలో ఆశ పుట్టించింది అదే. పాత టేపుల్లోంచి తీసిన షీక్ వాసన దానికే ఉంది. చివరికి ఆల్బమ్‌లో అది లేదు! విస్తరి వేసి కూర్చోబెట్టి...

చిరుతిండి_రాంబాబు
భోజనాల ప్రస్తావన నా పేటెంట్. వాక్యం అక్కడే ఆపినందుకు థాంక్స్.

సూదిమొన
అది పెట్టకపోవడం నాకూ బాధే. అయినా ఉన్నదాన్ని బట్టి చూడాలి. బ్రిటన్‌లో ఈ ఆల్బమ్ టాప్ 10లోకి వెళ్లింది. కొన్నవాళ్లకి నచ్చినట్టేగా.

పాతబస్తీ_ఫంక్
కొన్నవాళ్లలో సగం మంది కచేరీ చూసి వచ్చిన మోజులో కొన్నవాళ్లే అయ్యుంటారు. దుర్గగారినే అడగండి.

డల్లాస్_దుర్గ
నేను టీషర్టు కొన్నాను.

బేస్‌బాబాయ్
ఇంకో విషయం ఎవరూ అనలేదు. పొడవు. ‘గుడ్ టైమ్స్’ ఆల్బమ్ వెర్షన్ ఎనిమిది నిమిషాలు దాటుతుంది. మధ్యలో అన్నీ ఆగిపోయి బేస్ ఒక్కటే నిలబడుతుంది, తర్వాత ఒక్కో వాద్యం మెల్లగా వచ్చి కూర్చుంటుంది. ఆ భాగాన్ని పట్టుకునే షుగర్‌హిల్ గ్యాంగ్ అనే ర్యాప్ గ్రూపు ‘రాపర్స్ డిలైట్’ కట్టుకుంది, తర్వాత నైల్, బెర్నార్డ్ గట్టిగా అడిగితే గానీ పాటలో వాళ్ల పేర్లు చేర్చలేదు. అంటే పాట మధ్యలో వదిలిన జాగాలో ఇంకొక సంగీతమే పుట్టింది. 2018 పాటలన్నీ ఇంచుమించు మూడు నాలుగు నిమిషాల్లో చుట్టేశారు. ఫోన్‌లో వినేవాడు ముప్పై సెకన్లలో తర్వాతి పాటకి దూకేస్తాడన్న భయం. షీక్ పాటకి ఆ భయం ఉండకూడదు.

రిథమ్_రాధిక
ఇది రివ్యూల్లో రావాల్సిన పాయింటు. నిజానికి కొన్ని రివ్యూలు సరైన చోటే నొప్పి ఉందన్నాయి, మందు మాత్రం తప్పు రాశాయి. అతిథులను తగ్గించినంత మాత్రాన ఈ ఆల్బమ్ బాగుపడదు. అదే నావోని ఉంచి ఆ పాటని ఏడు నిమిషాలు నడిపి, మధ్యలో రెండు నిమిషాలు జెర్రీ బార్న్స్‌కి వదిలేసి ఉంటే ఎవరూ అతిథుల పేర్లు లెక్కపెట్టేవారు కాదు.

గోడమీదపిల్లి
ఇంకో పాత ఫంక్ బ్యాండ్ ఎర్త్ విండ్ అండ్ ఫైర్ వాళ్లు 2013లో ఇంచుమించు ఇదే కదా చేసింది? ‘నౌ, దెన్ అండ్ ఫరెవర్’. 2005 ఆల్బమ్‌లో బోలెడంత మంది అతిథులు. ఈసారి ఆ దారి మానేసి పాత సౌండుకి తిరిగొచ్చారు, తొలినాళ్ల కీబోర్డ్ మనిషి లారీ డన్ కూడా వచ్చి వాయించాడు. బ్యాండ్ పెట్టిన మోరిస్ వైట్ చేయి లేకుండా వచ్చిన మొదటి ఆల్బమ్ అది. అమెరికా చార్టులో 11 దాకా వెళ్లింది.

ఎల్పీ_ఎల్లయ్య
పిల్లి గోడ దిగింది!

పాతబస్తీ_ఫంక్
దిగి మంచి మాటే చెప్పింది. ఆ ఆల్బమ్ గొప్పదని అనను, కొన్ని పాటలు జ్ఞాపకం కూడా ఉండవు. కానీ వింటుంటే వాళ్ల ఇంట్లోనే ఉన్నట్టు ఉంటుంది. ఫిలిప్ బెయిలీ గొంతు, వర్డీన్ వైట్ బేస్, హార్న్స్. చాలు.

కొత్తచెవులు
విన్నాను అది. సారీ, నాకు మ్యూజియంలో తిరిగినట్టుంది. పాతదానిలా చేస్తే ‘కొత్తదనం లేదు’, కొత్తవాళ్లని పిలిస్తే ‘పాతదనం లేదు’. పెద్దవాళ్లు ఏం చేసినా వాయింపు తప్పదన్నమాట. ఒక్కసారి మీ తరం రివ్యూలని కూడా అడగండి, షీక్ అసలు ఫామ్‌లో ఉన్నప్పుడు వీళ్లు ఏం రాశారో.

సూదిమొన
శభాష్ తమ్ముడూ, అసలు ఇక్కడికే రావాలనుకున్నాను. 1979 జూలై 12న షికాగో కొమిస్కీ పార్కు స్టేడియంలో డిస్కో అంటే గిట్టనివాళ్లు డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చారు. దాని తర్వాత నెలలో, ఆగస్టులో, ‘గుడ్ టైమ్స్’ అమెరికాలో నంబర్ 1 అయింది. వారం తిరక్కుండా ‘మై షరోనా’ అనే రాక్ పాట దాన్ని దింపేసింది. అంతే, షీక్‌కి అమెరికాలో మళ్లీ అలాంటి హిట్ రాలేదు. రాక్ రాసేవాళ్లలో చాలామందికి అప్పుడు వీళ్లు ఖరీదైన సూట్లేసుకుని పైపైన పార్టీ పాటలు పాడే బ్యాండ్. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి షీక్‌ని 11 సార్లు నామినేట్ చేశారు, ఒక్కసారీ లోపలికి తీసుకోలేదు. 2017లో నైల్ ఒక్కడికి వేరే అవార్డిచ్చి సరిపెట్టారు. అలాంటి లోకం 2018లో ‘పాత షీక్‌లా లేదు’ అని నిట్టూరిస్తే నాకు మండదా? పాత షీక్ ఉన్నప్పుడు మీరెక్కడున్నారు?

రిథమ్_రాధిక
కోపం న్యాయమే, గురి తప్పింది. 1979లో రాసినవాళ్లు వేరు, 2018లో రాసినవాళ్లు వేరు. వీళ్లలో చాలామంది షీక్‌ని నెత్తిన పెట్టుకుని పెరిగినవాళ్లే. అభిమానులు కాబట్టే ఎక్కువ ఆశించారు.

ఎల్పీ_ఎల్లయ్య
ఆ పైపైన పార్టీ పాటలు అన్న మాట మీద ఒకటి చెప్తా. ‘గుడ్ టైమ్స్’ మాటలు చూడుర్రి. 1979ల అమెరికాల పైసలకు తిప్పలు. అప్పుడు వీళ్లు 1930ల మాంద్యం నాటి సంబురం పాటల మాటలు తెచ్చి దీంట్ల కలిపిండ్రు. నవ్వుకుంట పాడుతుంటరు, లోపల ఇంకొకటి ఉంటది. నైల్ ప్రతి పాటకు అట్ల ఒక దాపుడు అర్థం ఉండాలంటడు. 2018ల ‘టిల్ ది వరల్డ్ ఫాల్స్’ కూడ గంతే. లోకం కూలేదాకా ఆడుదాం అంటుండు. కేన్సర్‌తోని కొట్లాడి, దోస్తులను పోగొట్టుకున్న మనిషి అంటుండు ఆ మాట. ఉత్త పార్టీ పాటనా అది?

పాతబస్తీ_ఫంక్
ఆ ఒక్క పాటకి ఒప్పుకుంటా. ‘డు యా వానా పార్టీ’లో దాపుడు అర్థం ఏంటో కూడా చెప్పన్నా.

ఎల్పీ_ఎల్లయ్య
దాంట్ల పార్టీ ఉంది.

చిరుతిండి_రాంబాబు
🤣 ఈ థ్రెడ్ పిన్ చేయండి ఎవరైనా.

బేస్‌బాబాయ్
నవ్వులాట సరే, బెర్నార్డ్ గురించి ఒకటి చెప్పాలి, మన పిల్లలకి తెలియదు. 1996 ఏప్రిల్. టోక్యో బుడోకాన్‌లో కచేరీ. మనిషికి జ్వరం, నిలబడే ఓపిక లేదు. మానేద్దామని నైల్ అంటే వినలేదు, వాయించాడు. మధ్యలో ఒకచోట బేస్ ఆగిపోయింది. నైల్ ముందు అది బెర్నార్డ్ కావాలని చేసిన అందం అనుకున్నాడట. నిజానికి మనిషి కాసేపు స్పృహ తప్పాడు, తేరుకుని మళ్లీ అందుకున్నాడు. మర్నాడు హోటల్ గదిలో చనిపోయి ఉన్నాడు. న్యుమోనియా. 43 ఏళ్లు. ఆ రాత్రి కచేరీ రికార్డు కూడా దొరుకుతుంది. షీక్ ఆఖరి ఆల్బమ్ ఏదంటే నేను అదే అంటాను. 2018ది నైల్ రాడ్జర్స్ ఆల్బమ్. పేరు కూడా ‘నైల్ రాడ్జర్స్ అండ్ షీక్’ అనే వేశారు కదా, ఆయనకీ తెలుసు.

డల్లాస్_దుర్గ
బాబాయ్‌గారూ, అలా చూస్తే నాకు గొడవే లేదు. నైల్ ఆల్బమ్‌గా వింటే అతిథులుండటం సహజం. ఆయన జీవితమంతా ఇంకొకరి గొంతుకి పాట అమర్చడమేగా. డయానా, బోవీ, మడోనా, అందరూ ఒకరకంగా ఆయన ఇంటికొచ్చిన అతిథులే.

సూదిమొన
నేను మాత్రం షీక్ ఆల్బమ్‌గానే వింటాను. గిటార్ ఉంది, మర్యాద ఉంది, డాన్స్ ఉంది. ‘బూగీ ఆల్ నైట్’, ‘టిల్ ది వరల్డ్ ఫాల్స్’, ‘స్టేట్ ఆఫ్ మైన్’, ఈ మూడూ ఏ షీక్ రికార్డు పక్కనైనా తలెత్తుకుని నిలబడతాయి.

రిథమ్_రాధిక
పదిలో మూడు. మీరు వేసిన మార్కులు రివ్యూలకన్నా తక్కువే వచ్చాయి చూడండి.

పాతబస్తీ_ఫంక్
😂😂 కేసు కొట్టేశారు.

సూదిమొన
తలెత్తుకుని నిలబడేవి మూడు అన్నాను. మిగతావి కూర్చుని ఉన్నాయి, పడిపోలేదు.

కొత్తచెవులు
బాబాయ్, మీ ఆర్కెస్ట్రాలో ఇవి వాయిస్తారా ఎప్పుడైనా?

బేస్‌బాబాయ్
రిసెప్షన్లో జనం భోజనాలకి లేచాక ‘గుడ్ టైమ్స్’ కొంచెం వాయిస్తాం. అడిగినవాడు లేడు, తిట్టినవాడూ లేడు. ఈసారి ‘బూగీ ఆల్ నైట్’ ట్రై చేయమని కీబోర్డ్ కుర్రాడికి పంపించాను, ఇంకా విన్లేదంటున్నాడు. ఆదివారం అమలాపురంలో ప్రోగ్రాం, ఈలోగా వింటే చూద్దాం.